పాఠ్యభాగం – 7 : పాత కార్ల పునరుద్ధరణలో విద్యుత్ తీగల మార్పిడి – ఒక చారిత్రక పరిశీలన

7.0 లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:

• మోటారు కారులోకి విద్యుత్తు ఏయే దశల్లో ప్రవేశించిందో వివరించగలుగుతారు.
• తీగ తొడుగు, రంగు, మందం ఆధారంగా దాని కాలాన్ని అంచనా వేసే పద్ధతిని తెలుసుకుంటారు.
• పాత వైరింగును ఎందుకు మార్చాలో, మార్చేముందు ఏమేమి నమోదు చేయాలో చెప్పగలుగుతారు.
• అసలుదనం, భద్రత అనే రెండు విలువలను ఎలా సమన్వయం చేయాలో చర్చించగలుగుతారు.

7.1 పరిచయం

శాసనాలు, నాణేలు, తాళపత్రాలు చరిత్రకు ఆధారాలని మీకు తెలుసు. ఇరవయ్యో శతాబ్దపు చరిత్రకు ఇవి మాత్రమే చాలవు. ఆ శతాబ్దంలో మనిషి యంత్రాల మధ్య బతికాడు. కాబట్టి యంత్రం కూడా ఒక ఆధారమే. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్ళినవారు అక్కడ 1912 నాటి రోల్స్ రాయిస్ కారును చూసే ఉంటారు. చూసేవారి దృష్టి దాని పసుపు రంగు మీద, లోపలి సింహాసనం లాంటి ఆసనం మీద నిలుస్తుంది. కారులో తీగలు ఎలా ఉన్నాయని అడిగేవారు అరుదు. ఏ పాత కారులోనైనా అంతే. పై రంగునూ ఇంజనునూ అందరూ చూస్తారు. డాష్‌బోర్డు వెనక దుమ్ము పట్టి వేలాడే తీగల కట్టను ఎవరూ పట్టించుకోరు.

తాళపత్రం శాశ్వతం కాదు. కాలం గడిచేకొద్దీ అది పెళుసెక్కుతుంది, పురుగు పడుతుంది. అయినా మన ప్రాచీన కావ్యాలు దక్కాయంటే, పాత ప్రతి పూర్తిగా శిథిలం కాకముందే ఎవరో ఒక లేఖకుడు దాన్ని కొత్త ఆకుల మీదికి ఎత్తి రాయడమే కారణం. పంతొమ్మిదో శతాబ్దంలో సి.పి. బ్రౌన్ పండితులను నియమించి, ప్రతులను సేకరించి, పోల్చి, శుద్ధప్రతులు రాయించాడు. పాత కారులో తీగలు మార్చడం కూడా ఇటువంటి పనే. తీగ అనే పదార్థం నశిస్తుంది. ఏ రంగు తీగ ఎక్కడ మొదలై, ఏ దారిన పోయి, ఎక్కడ ముగిసింది అనే 'పాఠం' నశించకూడదు. పాత ప్రతిని చదవకుండానే పారేసిన లేఖకుడు ఏం రాస్తాడు? తనకు తోచింది రాస్తాడు.

పాత వైరింగును మార్చక తప్పదు, కాని చదివిన తరువాతే మార్చాలి. ఈ పాఠ్యభాగంలో మనం నిరూపించబోయే విషయం ఇదే.

7.2 కారులోకి విద్యుత్తు వచ్చిన క్రమం

కార్ల్ బెంజ్ 1886లో పేటెంటు పొందిన మూడు చక్రాల బండిలోనే విద్యుత్తు ఉంది. అయితే దాని పని ఒక్కటే: ఇంజనులోని పెట్రోలు ఆవిరిని అంటించే నిప్పురవ్వను పుట్టించడం. బ్యాటరీ, కాయిల్, రెండు మూడు తీగలు, అంతే. బ్యాటరీని తిరిగి నింపే ఏర్పాటు బండిలో లేదు. 1902లో జర్మనీలోని బాష్ సంస్థ హై వోల్టేజి మాగ్నెటోను రూపొందించింది. ఇది ఇంజనుతోపాటు తిరుగుతూ తన విద్యుత్తును తానే పుట్టించుకుంటుంది. దీనితో నిప్పురవ్వకు బ్యాటరీ అవసరం కూడా తప్పింది.

దీపాల సంగతి వేరు. తొలినాటి కార్లకు నూనె దీపాలు, ఆ తరువాత ఎసిటిలీన్ దీపాలు ఉండేవి. కార్బైడు మీద నీటి చుక్కలు పడితే వచ్చే వాయువును గొట్టాల ద్వారా దీపానికి పంపి వెలిగించేవారు. కాబట్టి ఆ కాలపు కారులో తీగల కన్నా వాయువు గొట్టాలే ఎక్కువగా కనిపించవచ్చు. ఇంజనును చేతి హ్యాండిల్‌తో తిప్పి స్టార్ట్ చేసేవారు. ఈ పనిలో చేతులు విరగడం అరుదైన ప్రమాదం కాదు.

ఈ పరిస్థితిని మార్చిన సంవత్సరం 1912. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరుతో కాడిలాక్ కారు మార్కెట్టులోకి వచ్చింది. స్టార్టరు, దీపాలు, ఇగ్నిషన్ మూడూ ఒకే విద్యుత్ వ్యవస్థ కిందికి వచ్చాయి. 1913లో బాష్ సంస్థ డైనమో, బ్యాటరీ, హెడ్‌లైట్లు కలిసిన పూర్తి దీపాల వ్యవస్థను అమ్మకానికి పెట్టింది. ఫోర్డ్ మోడల్ టి కారుకు 1915లో విద్యుత్ హెడ్‌లైట్లు వచ్చాయి. అవి ఇంజనులోని మాగ్నెటో మీద ఆధారపడేవి కాబట్టి ఇంజను వేగంగా తిరిగితే దీపం ప్రకాశించేది, వేగం తగ్గితే మసకబారేది. ఆ కారుకు విద్యుత్ స్టార్టరు 1919లో గాని రాలేదు.

ఈ క్రమాన్ని మీరు ఎందుకు గుర్తుంచుకోవాలి? 1910 నాటి కారుకు హెడ్‌లైట్ల వైరింగు కనిపిస్తే అది తరువాత చేర్చినదై ఉండవచ్చు. అలా చేర్చినంత మాత్రాన అది అబద్ధం కాదు. యజమాని ఎప్పుడో కాలానికి తగినట్టు కారును మార్చుకున్నాడని అది చెబుతుంది. ఒకే శాసన స్తంభం మీద రెండు కాలాల లిపి కనిపించినప్పుడు మనం రెండింటినీ చదువుతాం కదా, ఇదీ అంతే.

వోల్టేజికీ ఒక చరిత్ర ఉంది. చాలాకాలం 6 వోల్టులు, 12 వోల్టుల వ్యవస్థలు రెండూ పక్కపక్కన సాగాయి. అమెరికా కార్లు 1950ల మధ్యలో 12 వోల్టులకు మారాయి. పెద్ద ఇంజన్లను తిప్పే స్టార్టర్లకు, పెరిగిన దీపాలకు 6 వోల్టులు చాలకపోవడమే కారణం. 1960 తరువాత డైనమో స్థానంలోకి క్రమంగా ఆల్టర్నేటర్ వచ్చింది. సిలికాన్ డయోడ్లు అందుబాటులోకి రావడం వల్లనే ఇది సాధ్యమైంది.

7.3 తీగ తొడుగు చెప్పే కాలం

తీగలో రెండు భాగాలుంటాయి. లోపల రాగి పోగులు, పైన విద్యుత్తును బయటికి పోనివ్వని తొడుగు. రాగి పెద్దగా మారలేదు. తొడుగు మాత్రం కాలంతోపాటు మారుతూ వచ్చింది. లిపి పరిణామాన్ని బట్టి తేదీ లేని శాసనానికి కాలం నిర్ణయించినట్టే, తొడుగును బట్టి తీగకు కాలం నిర్ణయించవచ్చు.

మొదటి దశ రబ్బరుది. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకంతో కలిపి వేడిచేసి గట్టిపరిచే పద్ధతిని కనుగొన్నాడు. ఈ రబ్బరును రాగి మీద తొడిగి, దానిపైన నూలు అల్లిక వేసి, ఆ నూలుకు లక్క వంటి పూత పూసేవారు. అయితే రబ్బరులోని గంధకం రాగిని తినేస్తుంది. అందుకే రాగి పోగులకు తగరం పూత పూసేవారు. పాత తీగను కోసి చూసినప్పుడు లోపలి పోగులు ఎర్రగా కాక వెండిలా తెల్లగా కనిపిస్తే, అది ఈ పూతే కావచ్చు.

రెండో దశ పి.వి.సి.ది. 1926లో అమెరికాలో వాల్డో సెమన్ అనే రసాయన శాస్త్రవేత్త, గట్టిగా ఉండే పి.వి.సి.ని వంగే మెత్తని పదార్థంగా మార్చే మార్గాన్ని కనుగొన్నాడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో రబ్బరు కొరత ఏర్పడటంతో తీగల పరిశ్రమ దీనివైపు బాగా మొగ్గింది. మార్పు మాత్రం ఒక్కరోజులో జరగలేదు. 1950లలో బ్రిటిష్ కార్లలో లోపల పి.వి.సి., పైన పాత అలవాటు ప్రకారం రంగు నూలు అల్లిక ఉన్న తీగలు కనిపిస్తాయి. అల్లిక లేని పి.వి.సి. తీగలు ఆ తరువాత సాధారణమయ్యాయి. పాతదీ కొత్తదీ కలిసిన ఈ మధ్య దశ చరిత్ర విద్యార్థులకు ఆసక్తి కలిగించాలి. రాతి కట్టడంలో కొయ్య కట్టడపు పోలికలు మిగిలినట్టుగా, కొత్త పదార్థం కొంతకాలం పాత వేషంలోనే తిరిగింది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
అ) 1912 సంవత్సరానికి మోటారు వాహనాల విద్యుత్ చరిత్రలో ఉన్న ప్రాధాన్యమేమిటి?
ఆ) పాత తీగల్లో రాగికి తగరం పూత ఎందుకు పూసేవారు?

7.4 రంగుల భాష

బ్రిటిష్ కార్లకు విద్యుత్ పరికరాలను ఎక్కువగా సరఫరా చేసింది బర్మింగ్‌హామ్‌కు చెందిన లూకాస్ సంస్థ. ఈ సంస్థ వాడిన రంగుల పద్ధతే తరువాత బ్రిటిష్ ప్రమాణంగా స్థిరపడింది. దాని ముఖ్యాంశాలు ఇవి:

గోధుమ రంగు – బ్యాటరీ నుంచి నేరుగా వచ్చే ప్రధాన తీగ, ఫ్యూజు లేనిది.
తెలుపు – తాళం తిప్పితేనే విద్యుత్తు వచ్చే ఇగ్నిషన్ తీగ.
ఆకుపచ్చ – తాళం తిప్పిన తరువాత, ఫ్యూజు దాటి వచ్చే తీగ.
ఊదా – తాళంతో పనిలేకుండా, ఫ్యూజు దాటి వచ్చే తీగ.
నీలం – హెడ్‌లైట్లు. ఎరుపు – చిన్న లైట్లు. నలుపు – ఎర్త్.

రెండో రంగు సన్నని చారగా ఉంటుంది. నీలం మీద తెలుపు చార అయితే హెడ్‌లైటు ఎత్తు కాంతి, నీలం మీద ఎరుపు చార అయితే డిప్ కాంతి. ఆకుపచ్చ మీద ఎరుపు చార ఎడమ ఇండికేటరుకు, తెలుపు చార కుడి ఇండికేటరుకు, ఊదా చార బ్రేకు లైటుకు గుర్తు.

ఇది వ్యాకరణం లాంటిది. ప్రధాన రంగు ధాతువైతే, చార ప్రత్యయం. ఈ వ్యాకరణం తెలిసినవారికి తీగల కట్ట ఒక చిక్కుముడిలా కాక వాక్యంలా కనిపిస్తుంది. అంతకన్నా ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. వ్యాకరణానికి లొంగని తీగ కనబడితే అది తరువాతి కాలపు చేర్పు కావచ్చని వెంటనే అనుమానించవచ్చు. తాళపత్ర గ్రంథాల్లో ప్రక్షిప్తాలను పట్టుకునే పద్ధతి ఇదే.

అయితే ఒక హెచ్చరిక. నూలు అల్లిక మీద రంగులు వెలిసిపోతాయి. ఊదా గోధుమలా, తెలుపు గోధుమలా కనిపించే అవకాశం ఉంది. అందుచేత ఎండ, నూనె తగలని చోట, అంటే పట్టీ చుట్టిన భాగంలో లేదా క్లిప్పు కింద రంగును పరిశీలించాలి.

7.5 మన దేశంలో ఈ సంప్రదాయం

హిందుస్థాన్ మోటార్స్ సంస్థ 1942లో గుజరాత్‌లోని ఓఖా రేవు దగ్గర మొదలై, 1948లో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాకు తరలింది. బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సీరీస్ 3 కారు ఆధారంగా 1950ల చివర అంబాసిడర్ తయారీ ప్రారంభమైంది. 2014లో అది ఆగిపోయింది. రూపం మోరిస్‌ది కాబట్టి తొలి అంబాసిడర్ల విద్యుత్ వ్యవస్థ కూడా బ్రిటిష్ సంప్రదాయంలో పుట్టినదే. 1961లో మద్రాసులో లూకాస్ టి.వి.ఎస్. సంస్థ ఏర్పడి వాహనాల విద్యుత్ పరికరాలను ఇక్కడే తయారు చేయసాగింది. బొంబాయిలో ప్రీమియర్ సంస్థ తయారు చేసిన ఫియట్, పద్మిని కార్లది ఇటాలియన్ వంశం. వాటి తీగలను బ్రిటిష్ రంగుల పట్టిక పెట్టుకుని చదవకూడదు. ప్రతి కారుకూ దాని సొంత వైరింగ్ పటమే ప్రమాణం.

అంబాసిడర్ ఒక యజమానితో, ఒక పనితో ఆగిన కారు కాదు. ప్రభుత్వాధికారి కారుగా, టాక్సీగా, పెళ్ళి కారుగా, ఎన్నికల ప్రచార వాహనంగా అది బతికింది. ప్రతి కొత్త పనికీ ఒక కొత్త తీగ అవసరమయ్యేది. పైకప్పు మీది దీపానికి ఒకటి, టాక్సీ మీటరుకు ఒకటి, మైకుకు ఒకటి. ఈ చేర్పులు కంపెనీ కాగితాల్లో ఉండవు. తీగల కట్టలోనే ఉంటాయి.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పడం అవసరం. నా మిత్రుడొకరు చాలా ఏళ్ళ కిందట ఒక పాత అంబాసిడర్ కొని, బాగుచేయడానికి ఒక షెడ్డుకు పంపారు. మెకానిక్ పనిమంతుడే. కొత్త వైరింగ్ వేశాడు, లైట్లన్నీ వెలిగాయి. పాత కట్టను రాగి కోసం తుక్కు సామానువాడికి అమ్మేశాడు. కారు ఇంటికి వచ్చాక నేను చూస్తే, పైకప్పు మధ్యలో పూడ్చిన రెండు చిల్లులు, పక్క స్తంభంలో కత్తిరించిన నూలు తీగ ముక్క కనిపించాయి. పైన ఉండినది టాక్సీ దీపమా, అధికారి వాహనపు దీపమా, మైకా? ఆ తీగ కింద ఏ స్విచ్చుకు చేరిందో తెలిస్తే సమాధానం దొరికేది. ఆ సమాధానం కిలోల లెక్కన తూకంలో పోయింది. తప్పు మెకానిక్‌ది కాదు. పాత తీగలు కావాలని అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పవలసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

7.6 అయినా ఎందుకు మార్చాలి?

ఇంత చెప్పిన తరువాత 'అయితే పాత తీగలనే ఉంచేయవచ్చు కదా' అని మీరు అడగవచ్చు. నడవని, బ్యాటరీ తీసేసిన మ్యూజియం కారులో తప్పకుండా ఉంచవచ్చు, ఉంచాలి కూడా. నడిచే కారులో మాత్రం అది ప్రమాదం. కారణాలను చూద్దాం.

మొదటిది, తొడుగు నశించడం. రబ్బరు గాలికీ వేడికీ ఎండి, పగిలి, పొడిగా రాలుతుంది. ఇంజను నూనె తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. నూలు తేమను పీల్చుకుంటుంది. పి.వి.సి.లో మెత్తదనం కోసం కలిపిన పదార్థం ఏళ్ళ తరబడి బయటికి పోయి తొడుగు పెళుసవుతుంది. వీటికి తోడు ఎలుకలు. కదపనంత వరకు తీగ బాగానే కనిపిస్తుంది. వంచితే చిట్లుతుంది.

రెండోది, నిరోధం పెరగడం. ఒక చిన్న లెక్క చేద్దాం. 60 వాట్ల హెడ్‌లైట్లు రెండు ఉంటే మొత్తం 120 వాట్లు. 12 వోల్టుల కారులో ప్రవాహం 120 ÷ 12 = 10 ఆంపియర్లు. తీగ మార్గంలో తుప్పు పట్టిన ఒక్క కనెక్టరు వద్ద 0.1 ఓము నిరోధం చేరిందనుకోండి. అక్కడ పుట్టే వేడి 10 × 10 × 0.1 = 10 వాట్లు. ఎలక్ట్రానిక్స్ పనికి వాడే 10 వాట్ల చిన్న సోల్డరింగ్ ఐరన్ టంకాన్ని కరిగించగలదు. అంత వేడి డాష్‌బోర్డు వెనక, ఎండిన నూలు మధ్య, ఒక్క చోట పుడుతోందన్నమాట. ఇవే దీపాలు 6 వోల్టుల కారులో అయితే ప్రవాహం 20 ఆంపియర్లు. అదే నిరోధం వద్ద వేడి 40 వాట్లు, అంటే నాలుగింతలు.

మూడోది, ఫ్యూజుల కొరత. 1950ల నాటి చాలా బ్రిటిష్ కార్లలో రెండే ఫ్యూజులుండేవి. హెడ్‌లైట్లకు, ఇగ్నిషన్‌కు తరచుగా ఫ్యూజు ఉండేది కాదు. దీన్ని అజాగ్రత్త అనుకోవడం తొందరపాటు. చీకటి రోడ్డు మీద ఫ్యూజు పోయి రెండు దీపాలూ ఒకేసారి ఆరిపోవడం ఆనాటి ఇంజనీర్ల దృష్టిలో ఎక్కువ ప్రమాదకరం. తీగలు కొత్తవిగా ఉన్నంత కాలం వారి లెక్క పొరపాటు కాదు. ఆ కారు అర్ధ శతాబ్దం తరువాత కూడా తిరుగుతుందని వారు అనుకోలేదు. ఫ్యూజు లేని తీగ కారు ఇనుముకు తగిలితే బ్యాటరీ వందల ఆంపియర్లను పంపగలదు. కొన్ని క్షణాల్లో తొడుగు అంటుకుంటుంది.

గత కాలపు నిర్ణయాన్ని ఆ కాలపు పరిస్థితుల్లో అర్థం చేసుకోవడం చరిత్రకారుడి ధర్మం. ఆ నిర్ణయం ఇప్పటికీ చెల్లుతుందా అని అడగడం పునరుద్ధరణకర్త ధర్మం. రెండూ వేరు వేరు ప్రశ్నలు.

7.7 మార్చే పద్ధతి

దీన్ని గ్రంథ పరిష్కరణ క్రమంలోనే అర్థం చేసుకోవచ్చు. ముందు పఠనం, తరువాత ప్రతిలేఖనం, చివర సరిచూడటం.

1. పఠనం: ముందుగా బ్యాటరీని విడదీయాలి. కారు ఇనుముకు కలిపిన ఎర్త్ టెర్మినల్‌ను ముందు తీసి, తిరిగి బిగించేటప్పుడు చివర బిగించాలి. లేకపోతే స్పానరు ఇనుముకు తగిలి మంటలు రేగవచ్చు. 1950ల నాటి బ్రిటిష్ కార్లలో సాధారణంగా పాజిటివ్ టెర్మినల్ ఎర్త్‌కు కలిపి ఉండేది. నేటి పద్ధతికి ఇది తలకిందులు. ఇది గమనించకుండా ఆధునిక రేడియోనో ఆల్టర్నేటర్‌నో కలిపితే అవి కాలిపోతాయి. తరువాత, ఏ తీగనూ కత్తిరించకుండా, ప్రతి టెర్మినల్‌కూ సంఖ్య గల చీటీ కట్టాలి. ఫొటోలు తీయాలి. ఒక పుస్తకంలో 'సంఖ్య, రంగు, ఎక్కడి నుంచి, ఎక్కడికి, మందం, ఎన్ని పోగులు' అనే గడులు గీసి నింపాలి. కంపెనీ పటంతో పోల్చి, తేడాలను విడిగా రాయాలి. ఆ తేడాలే ఈ కారు సొంత చరిత్ర.

2. తొలగింపు: కట్టను ముక్కలు చేయకుండా మొత్తంగా బయటికి తీయాలి. పెద్ద చెక్క పలక మీద దాన్ని కారులో ఉన్న ఆకారంలోనే పరచి, మలుపుల దగ్గర మేకులు కొట్టాలి. కొత్త కట్టను ఈ మేకుల వెంట అల్లవచ్చు.

3. ప్రతిలేఖనం: కొత్త తీగ మందం పాతదానికి తగ్గకూడదు. పాత బ్రిటిష్ తీగలను '14/.012' వంటి గుర్తుతో సూచించేవారు. అంటే 0.012 అంగుళాల వ్యాసం గల పోగులు 14 అని అర్థం. నేటి లెక్కలో ఇది 14 పోగులు, ఒక్కొక్కటి 0.30 మి.మీ., మొత్తం వైశాల్యం సుమారు 1 చదరపు మి.మీ. దీన్ని సాధారణంగా 8.75 ఆంపియర్ల వరకు వాడతారు. 28 పోగులదైతే వైశాల్యం సుమారు 2 చదరపు మి.మీ., పరిమితి 17.5 ఆంపియర్లు. పైన చెప్పిన 10 ఆంపియర్ల హెడ్‌లైట్ల ప్రధాన తీగకు 14 పోగులు చాలవని దీన్నిబట్టి తెలుస్తుంది. ఇళ్ళ వైరింగుకు వాడే ఒంటి పోగు తీగను కారులో వాడకూడదు. కుదుపులకు అది విరుగుతుంది.

రంగులను మార్చకూడదు. దుకాణంలో దొరికిన ఎర్ర తీగతోనే అన్నీ కలిపేస్తే కారు నడుస్తుంది. కాని తరువాత దాన్ని విప్పే మనిషికి అది అక్షరాలన్నీ ఒకేలా ఉన్న పుస్తకం. బయటికి కనిపించే చోట్ల, లోపల పి.వి.సి.తో పైన నూలు అల్లిక గల తీగలను వాడవచ్చు. ఇవి ఇప్పటికీ తయారవుతున్నాయి.

4. సరిచూడటం: కొత్త కట్ట వేశాక ఎర్త్ బిగింపులను రంగు, తుప్పు పోయేదాకా గీకి శుభ్రం చేయాలి. పాత కార్లలో దీపాలు మసకబారడానికి తరచుగా కారణం తీగ కాదు, ఎర్త్. మల్టీమీటరుతో ఒక్కొక్క తీగనూ పరీక్షించాలి. బ్యాటరీని మొదటిసారి కలిపేటప్పుడు నేరుగా కాకుండా, మధ్యలో 12 వోల్టుల బల్బు ఒకటి పెట్టి కలపాలి. స్విచ్చులన్నీ ఆపి ఉన్నప్పుడు బల్బు ప్రకాశంగా వెలిగితే ఎక్కడో తప్పు ఉన్నట్టే. కారుకు హాని జరగకముందే అది తెలిసిపోతుంది.

5. భద్రపరచడం: పాత కట్టను చీటీలతో సహా గుడ్డసంచిలో పెట్టి, రాసుకున్న పుస్తకంతోపాటు కారు కాగితాల దగ్గర ఉంచాలి. కొత్త ప్రతి రాశాం కదా అని పాత తాళపత్రాన్ని ఎవరూ పొయ్యిలో పెట్టరు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
అ) రంగుల పద్ధతికి లొంగని తీగ చరిత్ర విద్యార్థికి ఏం సూచిస్తుంది?
ఆ) 12 వోల్టుల కన్నా 6 వోల్టుల కారులో చెడిన బిగింపు ఎందుకు ఎక్కువ వేడెక్కుతుంది?

7.8 అసలుదనం – భద్రత

కట్టడాల పరిరక్షణకు సంబంధించి 1964లో వెనిస్ నగరంలో ఆమోదించిన ఒప్పంద పత్రం రెండు సూత్రాలు చెప్పింది. ఊహ ఎక్కడ మొదలవుతుందో అక్కడ పునరుద్ధరణ ఆగాలి. కొత్తగా చేర్చిన భాగం మొత్తంతో కలిసిపోవాలి, అయినా అసలు భాగం నుంచి వేరుగా గుర్తించగలిగేలా ఉండాలి. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా ఈ స్ఫూర్తితోనే టురిన్ పత్రాన్ని రూపొందించింది. చేసిన మార్పులను నమోదు చేయాలని, అవి వీలైనంత వరకు తిరిగి తొలగించగలిగేవిగా ఉండాలని ఈ దృక్పథం కోరుతుంది.

మన దేశంలో 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం వింటేజ్ వాహనాల నమోదుకు నియమాలు ప్రకటించింది. 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్న వాహనాలకు 'వి.ఏ.' అక్షరాలతో ప్రత్యేక సంఖ్య ఇస్తారు. ఛాసిస్, బాడీ, ఇంజన్లలో చెప్పుకోదగిన మార్పు జరిగి ఉండకూడదు. ఈ మూడింటిలో వైరింగు పేరు లేదు. అంటే తీగల విషయంలో నిర్ణయం చట్టం కన్నా పునరుద్ధరణకర్త వివేకం మీదనే ఎక్కువగా ఆధారపడి ఉంది.

ఆ వివేకం ఎలా పనిచేయాలో ఒక ఉదాహరణ చూద్దాం. హెడ్‌లైట్లకు ఫ్యూజు, రిలే చేర్చాలనుకున్నారు. రిలే వల్ల స్విచ్చు గుండా తక్కువ ప్రవాహమే పోతుంది, పాత స్విచ్చు దక్కుతుంది. ఇది అసలు కారులో లేదు, కాని ప్రాణాన్నీ కారునూ కాపాడుతుంది. దీన్ని చేర్చవచ్చు. అయితే కొత్త చిల్లు కొట్టకుండా, ఉన్న బోల్టుకే బిగించి, కనబడని చోట, తయారీ సంవత్సరం రాసిన చీటీతో చేర్చాలి. రేపు ఎవరైనా తీసేయాలనుకుంటే పది నిమిషాల్లో తీయగలగాలి. అలాగే, పాత కారులో దొరికిన మైకు తీగను విద్యుత్తు లేకుండా, చివరలు మూసి, ఉన్నచోటే ఉంచేయవచ్చు. అది ఏ పనీ చేయదు, కాని ఉన్న సంగతి చెబుతుంది.

7.9 సారాంశం

కారులో విద్యుత్తు మొదట నిప్పురవ్వకే పరిమితమై, 1912 తరువాత స్టార్టరుకు, దీపాలకు విస్తరించింది. తీగ తొడుగు రబ్బరు, నూలు నుంచి పి.వి.సి.కి మారింది. రంగుల పద్ధతి వైరింగుకు ఒక వ్యాకరణాన్ని ఇచ్చింది. ఈ మూడూ తెలిసినవారు తీగల కట్టను చదివి కారు కాలాన్ని, అది చేసిన పనులను, మారిన చేతులను గుర్తించగలరు. నశించిన తొడుగు, పెరిగిన నిరోధం, చాలని ఫ్యూజుల వల్ల, నడిచే కారులో పాత తీగలను ఉంచడం ప్రమాదం. కాబట్టి మార్చాలి. అయితే చదివి, రాసి, ప్రతి తీసి, పాతదాన్ని దాచి మార్చాలి.

మీ ఊళ్ళో ఏ షెడ్డులోనైనా పాత కారు విప్పుతుంటే ఒక పుస్తకం, పెన్సిలు తీసుకుని వెళ్ళండి. మెకానిక్ అనుమతి అడిగి, డాష్‌బోర్డు వెనక ఒక్క గంట చూడండి. ఆ తీగలు సాయంత్రానికి తుక్కు దుకాణం చేరవచ్చు. మీరు రాసుకున్నది మిగులుతుంది.

7.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు పది పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. తీగ తొడుగుల పరిణామాన్ని తెలపండి.
2. 1950ల నాటి కార్లలో హెడ్‌లైట్లకు ఫ్యూజు లేకపోవడానికి కారణమేమిటి?
3. అంబాసిడర్ కారు తీగల కట్ట సామాజిక చరిత్రకు ఎలా ఆధారమవుతుంది?

II. ఈ కింది ప్రశ్నలకు ముప్ఫై పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. పాత కారు వైరింగును మార్చే పద్ధతిని గ్రంథ పరిష్కరణ పద్ధతితో పోల్చి వివరించండి.
2. 'అసలుదనం, భద్రత పరస్పర విరుద్ధాలు కావు' – చర్చించండి.